మా తరఫున

"సేతులు సరీగ్గా కడుక్కోని వడ్డించే. అన్నమంతా రొయ్యల కంపు."

మా ఆయన వరహాలు ఆ మాట అన్నప్పుడు నేను చెయ్యి వెనక్కి తీసుకుని గరిటె అందుకున్నాను. సబ్బుతో, చింతపండు పిప్పితో, ఆఖరికి బూడిదతో కూడా రుద్దుకున్న చేతులవి. వాసన చర్మం మీద ఉంటే పోయేది. అది గోళ్ళ పక్కన పడ్డ చీలికల్లో ఉండేది. ఆ మాట అన్నవాడు చేపల వాసన ఎరగని ఇంట్లో పుట్టినవాడా అంటే కాదు. సముద్రం ఒడ్డున పుట్టి చేపల బుట్ట పక్కన పెరిగినవాడు. వాళ్ళమ్మ గంగాలమ్మ, నాకు మేనత్త, నెత్తిన బుట్ట పెట్టుకుని వీధివీధీ తిరిగి అతన్ని చదివించింది. ఆ బుట్ట సంగతి యూనియన్ మీటింగుల్లో చెబుతాడు. "మాయమ్మ సెమట" అంటాడు, గొంతు వణికిస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. తల్లి ఒంటి వాసన చెమట అయింది. పెళ్ళాం చేతి వాసన కంపు అయింది.

మేం మల్కాపురంలో, పోయిన మావయ్య కట్టిన రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. అతనిది పోర్టులో కూలిపని. మొదట కాంట్రాక్టు కింద చేసేవాడు. పర్మినెంటు చెయ్యమని వాళ్ళందరూ సమ్మె చేశారు. ఆ సమ్మె రోజుల్లోనే నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల కంపెనీలో ఒలుపు పనికి చేరాను. "సమ్మె అయ్యేదాకా ఎల్లు, తర్వాత మానేద్దువు గాని" అన్నాడు. సమ్మె గెలిచింది. అతను పర్మినెంటు అయ్యాడు, యూనియన్ సెక్రటరీ కూడా అయ్యాడు. నేను మానలేదు, మానమని అతనూ అనలేదు. పాప బడి ఫీజు, అత్త మందులు, కిరసనాయిలు, ఉప్పూ పప్పూ ఒక్కొక్కటే జరిగి జరిగి నా కూలి మీదికి వచ్చి కూర్చున్నాయి. అయినా ఇంటికెవరైనా వస్తే నవ్వుతూ చెప్పేవాడు, "మా ఈస్సరి ఏదో సేతి కర్సులకి ఎల్తంది" అని. నిజమే, ఖర్చయ్యేవి నా చేతులే.

తెల్లారకముందే లేచి కుళాయి దగ్గర వరసలో బిందె పెట్టి, వంట చేసి, అతని క్యారేజీ కట్టి, పాప జడ వేసి, అత్తకి టీ ఇచ్చి వీధి మొగకి పరుగెత్తేదాన్ని. కంపెనీ వ్యాను ఆగదు, నెమ్మదిస్తుందంతే. ఎక్కలేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. షెడ్డులో రోజంతా నిలబడే పని. ఐసులో పూడ్చిన రొయ్యల్ని తీసి తల తుంచి, తోలు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగి బేసిన్‌లో వెయ్యాలి. బేసిన్ నిండితేనే డబ్బు. మధ్యలో మందు కలిపిన నీళ్ళలో చేతులు ముంచుతూ ఉండాలి, సరుక్కి మన చేతి మురికి అంటకూడదని. సరుకు మురికి మన చేతికి అంటితే అడిగేవాళ్ళు లేరు. సాయంత్రానికి వేళ్ళ కొసలు తెల్లగా ఉబ్బి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయేది. ఇంటికొచ్చి కారం కూర కలుపుకుంటే ప్రాణం పోయేది. అందుకని చెంచాతో తినేదాన్ని. "దొరసాని సెంచాతోటి తింటంది సూడు" అనేది అత్త.

బయటి దేశం నుంచి సరుకు కొనేవాళ్ళు చూడడానికి వచ్చిన రోజున మాకు రబ్బరు గ్లవుసులు, కొత్త టోపీలు ఇచ్చేవారు. వాళ్ళ కారు గేటు దాటగానే సూపర్‌వైజర్ అట్టపెట్టె పట్టుకుని వచ్చి గ్లవుసులన్నీ వెనక్కి తీసుకునేవాడు. అదే షెడ్డులో ఐసు కొట్టే మగవాళ్ళున్నారు. వాళ్ళని కంపెనీ మనుషులనేవారు. ఐసు గడ్డ జారి ఒకతని కాలి మీద పడితే కంపెనీ జీపులో తీసుకెళ్ళారు, జీతంతో సెలవిచ్చారు. మా వేళ్ళు పుండ్లు పడితే పసుపు రాసుకోమన్నారు. మేం కంపెనీ మనుషులం కాదు. మరి ఎవరి మనుషులమో ఎవరూ చెప్పలేదు.

ఇదంతా వరహాలుకి ఎన్నిసార్లు చెప్పానో. అతను యూనియన్ కరపత్రం చదువుకుంటూ "ఊఁ" కొట్టేవాడు. ఓసారి మాత్రం తలెత్తి, "అన్నం సల్లారిపోతంది, తర్వాత సెప్పుదువులే" అన్నాడు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో ధనశ్రీ పడిపోయింది.

ధనశ్రీది హార్బర్ పక్క పేట. పెళ్ళయి ఏడాది దాటింది. భర్త బోటు మీద వేటకి వెళ్ళేవాడు. నా పక్కనే నిలబడి ఒలిచేది. కడుపుతో ఉన్నవాళ్ళని కంపెనీ రానివ్వదు. కాన్పుకి సెలవూ లేదు, తిరిగి వస్తే పని ఉంటుందన్న నమ్మకమూ లేదు. అందుకని ఆ పిల్ల పైన కట్టుకునే ప్లాస్టిక్ ఏప్రాను వదులుగా కట్టి, సూపర్‌వైజర్ అటు వస్తే బల్లకి ఆనుకుని నిలబడేది. నెలలు నిండుతున్న కడుపుని దొంగసొత్తులా దాచుకునేది. నేనూ, తాయారూ చెరో పక్కనా నిలబడి ఆ పిల్ల కనపడకుండా కమ్ముకునేవాళ్ళం. తాయారుది గోదావరి వైపు ఊరు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తూ భర్త పోతే, పరిహారం కోసం తిరిగి తిరిగి, ఏమీ రాక ఈ పనికి వచ్చింది.

ఆ రోజు నిండిన బేసిన్ తూకానికి పట్టుకెళుతూ ధనశ్రీ తడి గచ్చు మీద జారింది. బేసిన్ అంచు పొత్తికడుపులో దిగింది. మేం పరుగెత్తేసరికి ఆ పిల్ల పక్కకి ఒరిగి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉంది. రొయ్యలు చుట్టూ చెదిరిపోయాయి. నీళ్ళల్లో ఎర్రగా కలుస్తోంది. సూపర్‌వైజర్ వచ్చాడు. అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇంకా నా చెవిలో ఉంది.

"సరుకు తొక్కకండే! ముందు సరుకు తియ్యండి!"

తీశాం. అదే నాకు ఎప్పటికీ మింగుడు పడదు. అలవాటైన చేతులు వంగి ముందు సరుకే ఎత్తాయి. ఆ తర్వాతే మనిషిని ఎత్తాం. జీపు అడిగితే మేనేజర్ శ్రీరామ్మూర్తి గారు గది గుమ్మంలోకి వచ్చి, "జీపులో నెత్తురైతే ఎలాగమ్మా? ఆటో పిలిపిస్తాను, డబ్బులు నేనే ఇస్తాను, సరేనా" అన్నారు మెత్తగా. ఆయన ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతారు. పెద్దాసుపత్రికి చేరేసరికి బిడ్డ కడుపులోనే పోయింది.

మర్నాడు పొద్దున్న షెడ్డులో గచ్చు కడిగేసి ఉంది. ధనశ్రీ నిలబడే చోట ఇంకో కొత్త పిల్ల నిలబడి ఉంది. తాయారు ఆ పిల్లని చూసింది, నన్ను చూసింది, టోపీ తీసి బల్ల మీద పెట్టింది. బయటికి నడిచింది. నేనూ నడిచాను. వెనక చూస్తే వరసలు వరసలుగా టోపీలు బల్లల మీద ఉన్నాయి. గేటు దగ్గర నీడ కూడా లేదు, ఎండలోనే కూర్చున్నాం. లోపల ఐసు కరుగుతోంది. ఒలిచేవాళ్ళు లేకపోతే రొయ్య రాత్రి దాకా ఆగదు. మేం లేకపోతే ఆ కంపెనీ ఒక్క పూట నిలవదన్న సంగతి మాకు ఆ ఎండలో కూర్చున్నప్పుడే తెలిసింది. నాకు భయం వేసింది, సంతోషం కూడా వేసింది.

మమ్మల్ని ఎవరు నడిపిస్తారని అందరూ నన్నే చూశారు. సెక్రటరీ పెళ్ళాన్ని కదా.

కబురు పెడితే వరహాలు వెంటనే వచ్చాడు. జెండా తెచ్చాడు, మైకు తెచ్చాడు. "ఆడకూతుళ్ళ నెత్తురు తాగే కంపెనీ" అన్నాడు. "పసికందుని పొట్టన పెట్టుకున్నారు" అన్నప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ళు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతన్ని చూసి అంత గర్వపడిన రోజు లేదు. మధ్యలో నా దగ్గరికి వచ్చి, "ఇన్ని అన్యాయాలు జరుగుతుంటే ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పనేదే?" అన్నాడు. నేను అతని ముఖంలోకి చూశాను. నిజంగానే అడుగుతున్నాడు. చెప్పిన మాట ఒక్కటి కూడా అతని చెవిలో లేదు.

మధ్యాహ్నానికి చర్చలకి పిలుపు వచ్చింది. వరహాలు, ఇంకో ఇద్దరు యూనియన్ వాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళ తరఫున ఒకతను లోపలికి బయల్దేరారు. నేనూ, తాయారూ లేచాం.

"మీరెక్కడికి?" అన్నాడు.

"ఒలుపు పని సంగతి మాకు కదా తెల్సు బావా, మా తరఫున ఒక్కరైనా ఉండాలి."

"మీ తరఫున నాను ఉన్నాను గదే! లోపల మాటా మాటా పెరుగుతాది, ఆడోళ్ళు దేనికి?" అని, గొంతు తగ్గించి, "నలుగుర్లో నా మాట మీద నువ్వే నమ్మకం నేనట్టు లెగుస్తావేటి?" అన్నాడు.

కూర్చున్నాను. లోపలికి టీలు వెళ్ళాయి. కిటికీలోంచి నవ్వులు కూడా వినిపించాయి. పొద్దు వాలేవేళకి బయటికొచ్చి అతను పిడికిలెత్తాడు. "గెలిసేం!" అన్నాడు. ఎవరో దండ వేశారు. ఏం గెలిచామని తాయారు అడుగుతూనే ఉంది, నినాదాల్లో వినపడలేదు. "సరుకు పాడైపోతంది, ముందు పనిలోకి ఎల్లండి, అన్నీ రాసుకున్నాం" అన్నాడు. వెళ్ళాం. కరిగిన ఐసు నీళ్ళలో చేతులు పెట్టి సరుకంతా ఒలిచాం. ఆ రోజు ఒలిచినంత వేగంగా ఎప్పుడూ ఒలవలేదు.

ఆ రాత్రి అతను మాంసం తెచ్చాడు. నేను వండాను. పీట మీద కూర్చుని, ఉత్సాహంగా తనే చెప్పడం మొదలెట్టాడు. ఐసు కొట్టేవాళ్ళందరికీ ఈఎస్‌ఐ, ప్రావిడెంటు ఫండు, పండగ సెలవులు. లోడింగు వాళ్ళకి కూడా. రేపట్నుంచి అందరూ యూనియన్ సభ్యులే.

"మరి మాకు?"

"బేసిన్ రేటు పెంచేరు గదా. దసరాకి తలా ఓ సీర. సిన్న ఇసయమేటి?"

"ఈఎస్‌ఐ?"

"అది మీకు రాదే. మీది పీసు పని, బేసిన్ లెక్క. నచ్చితే వత్తారు, నేకపోతే నేదు. ఇయాళ పెళ్ళంటారు, రేపు కాన్పంటారు. మేనేజరు అదే అన్నాడు, అతను సెప్పింది కూడా నాయమే. ఐనా మీకు వేరేగా ఈఎస్‌ఐ దేనికి, మొగుళ్ళకి ఉంటాది గదా."

"తాయారుకి మొగుడు నేడు."

"అందరికీ అన్నీ అవుతాయేటి?"

"ధనశ్రీ మొగుడు బోటు మీద పోతాడు. ఆడికేటుంది?"

అతను ముద్ద కలపడం ఆపాడు. "ధనశ్రీకి సాయం ఇప్పించేను. ఊరికే ఇత్తారేటి? ఇంటికాడే ఒంట్లో బాగోక నొప్పుల్తోటి వచ్చిందని రాసుకుంటే గానీ ఒప్పుకోనన్నాడు మేనేజరు. రాసేం."

"అది అబద్దం గదా బావా."

"ఒప్పందమంటే ఇచ్చిపుచ్చుకోడమే. నీకు తెల్దు."

"నువ్వు సంతకం పెట్టేవా దాని కింద?"

"సెక్రటరీని నానే గదా. ఇంకెవరు పెడతారు?" అని, మళ్ళీ ముద్ద కలుపుతూ, "బాగా కుదిరిందే కూర. కొంచెం వెయ్యి" అన్నాడు.

వేశాను. అంటే చెయ్యి వేసింది. నేను వేరే ఎక్కడో ఉన్నాను. ఇన్నాళ్ళూ కంపెనీ మమ్మల్ని మనుషుల్లో లెక్కెయ్యలేదంటే కోపం వచ్చేది గాని ఆశ్చర్యం ఉండేది కాదు. అది డబ్బు పెట్టినవాడి పద్ధతి. కానీ ఇతను ఆకలి ఎరిగినవాడు. కాంట్రాక్టు కూలీ అంటే ఏమిటో ఒంటి మీద అనుభవించినవాడు. నచ్చితే వస్తారు, లేకపోతే లేదు అని తన గురించి పోర్టులో అన్నప్పుడు ఇంటికొచ్చి గోడకేసి గుద్దుకున్నవాడు. అదే మాట నా గురించి అంటే న్యాయంగా వినిపించింది ఇతనికి. ఎందుకంటే ఇంట్లో నేను చేసేదానికి ఏ రోజూ రేటు లేదు. రేటు లేని మనిషికి బేసిన్ మీద కాస్త పెంచితే అదే పెద్ద దానం. అతను నాకు ద్రోహం చేశానని అనుకోవడం లేదు. అదే నన్ను కోసేసింది. మేలు చేశాననే అనుకుంటున్నాడు.

గోడకి ఆనుకుని అత్త అంతా వింటోంది. నేను గిన్నెలు తోముతుంటే వచ్చి నా పక్కన చతికిలబడింది. "మెడ నొప్పి పుట్టి బుట్ట దింపేసిన నాడు," అంది, "ఇన్నేళ్ళు మోసేవు, ఇంద అని ఎవలూ ఏటీ ఇవ్వనేదే నాకు. అడగాలని కూడా తెల్దు. ఎవల్ని అడుగుతాం?" అని, నా చేతిలోంచి గిన్నె తీసుకుని తనే తోమింది.

మర్నాడు వ్యాను ఎక్కలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారంటే, బస్సెక్కి ధనశ్రీ దగ్గరికి వెళ్ళాను. ఒక మూల చాప మీద కూర్చుని ఉంది. గుండెల చుట్టూ పాత చీర ముక్క బిగించి కట్టారు. బిడ్డ లేదు గాని పాలు వచ్చేశాయి. ఆ గుడ్డ తడిసి ఉంది. నా కేసి చూసి, "అక్కా, నా సోట్లో ఎవుర్నో పెట్టేసేరంట గదా. మళ్ళీ పనిస్తారా?" అంది.

బిడ్డ గురించి అడగలేదు. కంపెనీని తిట్టలేదు. పని ఇస్తారా అంది. ఇంటి దగ్గర నుంచే నొప్పులతో వచ్చానని తన పేరు మీద రాసుకున్న సంగతి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను. తడిసిన గుడ్డ ముడి మళ్ళీ బిగించుకుంది. తర్వాత, "మీ ఆయన అలా రాసేరా?" అంది. "అన్నా" అని పిలిచేది అతన్ని ఎప్పుడూ. ఆ రోజు "మీ ఆయన" అంది.

అక్కణ్ణించి గేటు దగ్గరికి వెళ్ళి, భోజనాల వేళ బయటికి వచ్చినవాళ్ళతో అంతా చెప్పాను. అందరూ నా వెంట రాలేదు. కొందరు రేటు పెరిగిందిగా, ఇంక రభస ఎందుకన్నారు. ఒకావిడ నా ముఖం మీదే, "నీ మొగుడేగా సేసింది, మీ ఇంట్లో మీరు తేల్చుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి నేను తప్పు పట్టలేదు. శ్రీరామ్మూర్తి గారు గేటు దాకా నడిచి వచ్చారు. "ఏంటమ్మా ఈశ్వరీ ఇది? మీ ఇంటాయన పెద్దమనిషి. ఆయన మాట పోతే మీకే కదా చిన్నతనం" అన్నారు మెత్తగా. తాయారు వచ్చి నా పక్కన నిలబడింది. ఇంకొందరు వచ్చారు. రేపు లేబర్ ఆఫీసుకి వెళదామన్నాను.

ఆ కబురు నాకన్నా ముందు ఇంటికి చేరింది. వరహాలు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండును. "నా బతుకంతా పోగేసుకున్న పేరే అది. పోర్టులో తల ఎలా ఎత్తుకోమంటావు?" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతను చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది. "నాను నీ పేరు పాడుసెయ్యాలని కాదు బావా," అన్నాను. "ఆ కాగితం ఎనక్కి తీసుకో. తప్పయిందని గేటు కాడ సెప్పు. నీ ఎనకే ఉంటాం అందరం." "సంతకం పెట్టినోడు ఎనక్కి తగ్గితే ఇంకెవడైనా నమ్ముతాడేటి?" అన్నాడు. తర్వాత, "రేపు ఆ ఆపీసు మెట్లెక్కితే ఈ ఇంటి మెట్లెక్కక్కర్నేదు" అని బయటికి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే నేను చీర మార్చుకుంటుంటే అత్త పాప జడ వేస్తోంది. నా కేసి చూడకుండానే, "పిల్లకి నాను అన్నం పెడతాను. బేగి ఎల్లు, ఎండెక్కిపోతంది" అంది. "ఈ ఇల్లు నా మొగుడు కట్టింది. మెట్లు ఎవలెక్కాలో నాను సెప్తాను."

లేబర్ ఆఫీసరు నడివయసాయన. ఒప్పందం కాపీ అప్పటికే ఆయన బల్ల మీద ఉంది. మేం చెప్పింది విన్నాడు. ఇంట్లో ఉండమన్నా మా వెంట వచ్చిన ధనశ్రీ తనే లేచి, "నాను బాగానే వచ్చేను సార్ పనికి, అక్కడే పడ్డాను" అంది. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పీసు పనైనా సరే, మీకూ ఈఎస్‌ఐ, పీఎఫ్ ఇవ్వాల్సిందేనమ్మా. చట్టంలో ఉంది. ఇన్నాళ్ళూ అడగలేదేం మరి?"

"అడిగే మనిషినే పంపించేం సార్ లోపలికి" అంది తాయారు.

ఆయన కాగితం మీదికి వంగాడు. "కార్మికుల తరఫున ఎవరో వరహాలు అని ఉంది. యూనియన్ సెక్రటరీ. ఈయన మీకు తెలుసా?"

"మా ఆయన సార్" అన్నాను.

తలెత్తి నన్ను చూశాడు. అందరినీ చూశాడు. "మరి ఇంట్లో మాట్లాడుకోవచ్చు కదమ్మా?" అన్నాడు, నిజంగా జాలి పడుతూ.

"ఇంట్లో ఏళ్ళ తరబడి మాటాడేను సార్. నాను మాటాడితే అన్నం సల్లారిపోతాది అక్కడ."

ఆయన కొత్త కాగితం తీసి, ఫిర్యాదు ఎవరి మీదో రాసే చోట కింద కంపెనీ పేరు రాసి, పైన మా వివరాలు రాయడం మొదలుపెట్టాడు. పేరు అడిగాడు, చెప్పాను. ఏం పని అన్నాడు, రొయ్యలు ఒలుస్తాను అన్నాను. ఎన్నేళ్ళుగా అంటే, మా పాప పాకుతున్నప్పట్నుంచీ అన్నాను. తర్వాత తల ఎత్తకుండానే, "భర్త పేరు వరహాలు అన్నారు కదా" అంటూ నా పేరు పక్కన రాయబోయాడు.

"ఆ పేరు అక్కడొద్దు సార్," అన్నాను. "కింద, కంపెనీ పేరు పక్కన రాయండి."